ఇల్లు కట్టువారి ఆరోగ్యము



"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మనవారు చెప్పుదురు. ఈ సామెతలో ఇల్లు కట్టించు గృహస్థుని కష్టము కలదు. అతని అప్పు కలదు. అతని నిద్రలేమి కలదు. కాని యెండలో పరంజాపై నిలిచి ఇటుకమీద ఇటుక పేర్చు మేస్త్రి అందులో లేడు. సిమెంటు మాలు గమేళాతో నెత్తికెత్తుకొని మెట్లు లేని మేడ యెక్కు కూలి స్త్రీయు అందులో లేదు. నేడు నేను మాటలాడదలచినది వారిని గూర్చియే. ఇండ్లు కట్టు చిన్న వ్యాపారము గలవాడు తన పనివారి ఆరోగ్యమునకై యేమి యేర్పాటు చేయవలెను, మన యెదుటనున్న పలు మార్గములలో దేని నెన్నుకొనవలెను అనునది నా ప్రసంగ విషయము.

నేను విజయవాడ పరిసరములందు ఇండ్లు కట్టు వృత్తిలో నున్నవాడను. పెద్ద సౌధములను గాని, వంతెనలను గాని నేను కట్టలేదు. రెండు మూడంతస్తుల గృహములు ఏటికి నాలుగో అయిదో నా చేతిమీదుగా లేచుచుండును. నావద్ద నెలజీతముపై నున్నవారు ఎనమండుగురు: లెక్కలు వ్రాయువా రొకరు, పని చూచు ఇంజనీర్లు ఇద్దరు, మేస్త్రులు ముగ్గురు, సామాను కాపలావారు ఇద్దరు. ఇదిగాక రోజుకూలికి వచ్చువారు కలరు. పునాదులు త్రవ్వునాడు పదిమంది, గోడలు లేచునాడు పండ్రెండుగురు, స్లాబు వేయునాడు ముప్పదిమంది. వీరిలో తాపీవారు, ఇనుపకడ్డీలు వంచువారు, సెంట్రింగు వడ్రంగులు, కరెంటు పనివారు, గొట్టముల పనివారు, బండలు పరచువారు, రంగులు వేయువారు కలరు. కొందరు కృష్ణాజిల్లావారే. పెక్కురు శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల నుండియు, ఒడిషా, బీహారు రాష్ట్రముల నుండియు వచ్చినవారు.

"నీ పనివా రెందరు?" అని యెవరైన నన్నడిగినచో, ఎనమండుగురని చెప్పవలెనా, ముప్పదియెనమండుగురని చెప్పవలెనా? ప్రశ్న చిన్నదిగా తోచును. కాని నేడు నేను చెప్పబోవున దంతయు ఈ ప్రశ్నకు మన మిచ్చు సమాధానముపైననే నిలిచియున్నది. కావున దీనిని మనస్సులో నుంచుకొనుడని శ్రోతలను వేడుచున్నాను.

మా పనిలోని యపాయములు దాగియున్నవి కావు. పరంజా కర్ర జారిన మనిషి జారును. సెంట్రింగు బల్లలు విప్పునపుడు మేకు కాలిలో దిగును. మేకు చిన్నదే, దానివెంట ధనుర్వాతము రాగలదు. తడిసిన నేలపై తోలు లేచిన కరెంటుతీగ పడియుండును. తడి సిమెంటు చర్మమును కాల్చును. కంటిలో పడినచో చూపునకే మోసము. గ్రానైటు రాతిని నీరు పోయక పొడిగా కోయువాని ఊపిరితిత్తులలో ఆ ధూళి యేండ్లతరబడి పేరుకొని సిలికోసిస్ అను వ్యాధి యగును. అది రాకుండ నివారింపవచ్చును గాని, వచ్చిన పిదప కుదుర్చు మందు లేదు. ఇక రోహిణి కార్తెలో రోళ్ళు పగులునన్న యెండలు. వానలు రాకముందే కప్పు పడవలెనని గృహస్థుడు తొందరపడును గనుక, మా స్లాబు పనులు ముమ్మరముగా సాగునది ఆ దినములందే.

ఇట్టి యాపద వచ్చినపుడు కూలివానికి రెండు నష్టములు కలుగును. మొదటిది వైద్యమున కగు వ్యయము. రెండవది మంచమున నున్నన్నినాళ్ళు రాని కూలి. నెలజీతగాడు పదినాళ్ళు సెలవుపెట్టినను జీత మెంతో కొంత వచ్చును. రోజుకూలివానికి పని మానిననాడే రాబడి మానును. మన మెప్పుడును మొదటి నష్టమునే చూతుము. బీమా కంపెనీల కరపత్రములును దానినే పెద్ద యక్షరములతో ప్రకటించును. రెండవ నష్టమును గూర్చి మాటలాడువారు తక్కువ.

ఏ యేర్పాటు చేయుదునా యని యాలోచించుచు, ఏజెంట్ల నడుగుటకు ముందు నా పనివారినే యడిగితిని. కడ్డీలు వంచు శ్రీకాకుళపు మనిషి, "చెయ్యి విరిగితే కట్టు కట్టడానికి పెద్దాసుపత్రి ఉంది బాబూ. ఆ రెండు నెలలూ ఇంటికి డబ్బు ఎవరు పంపుతారు?" అనెను. కూలి స్త్రీ యొకతె, "కాన్పయిన నెలకే గమేళా ఎత్తాను బాబుగారూ" అని మాత్రము చెప్పి యూరకుండెను. ముసలి కాపలావాడు చక్కెరవ్యాధి మాత్రల ఖర్చును గూర్చి చెప్పెను. లెక్కలు వ్రాయువారు, "మా అమ్మగారిని కూడా చేర్చుకుంటారా అండీ?" అని యడిగిరి. నాలుగు నోళ్ళు నాలుగు కోర్కెలు చెప్పినవి. ఒకే మందు అన్ని రోగములకు పనిచేయదు. ఒకే బీమా పత్రము ఈ నలుగురికిని చాలదు. ఈ యెరుకతో మార్గముల నొక్కొక్కటిగా పరిశీలింతము.

మొదటిది, అనాదిగా నున్నది, యజమాని దయ. జ్వరము వచ్చిన వానికి అయిదువందలు చేతిలో పెట్టుట, గాయపడినవానిని మన బండిలోనే ఆసుపత్రికి చేర్చుట. ఇది మంచిదే, దీనిని మానరాదు. కాని దయకు హద్దు కలదు. జ్వరమునకు చాలు దయ వెన్నెముక విరిగినపుడు చాలదు. అదిగాక, దయ యజమాని పెట్టెలోని సొమ్మునుబట్టి యుండును. గృహస్థుడు బిల్లు చెల్లింపని నెలలోనే మేస్త్రి పరంజా నుండి పడినచో నేమి చేయుదుము? దయను నమ్ముకొని సంసారము సాగించు మనిషి సగము దినము యజమాని ముఖము చూచుటతోనే గడుపవలసి వచ్చును.

రెండవది ప్రభుత్వపు ఉచిత వైద్యము. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2007లో ఆరోగ్యశ్రీ పథకము మొదలయ్యెను. కేంద్రప్రభుత్వము 2018 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ పథకమును ఆరంభించి, కుటుంబమునకు ఏటికి అయిదు లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స నేర్పరచినది. బీదకుటుంబములకు ఇవి గొప్ప యండ. నా పనివారిలో ఎవరికి కార్డు కలదు, ఎవరికి లేదు, ఎవరి కార్డులో భార్యాబిడ్డల పేర్లు కలవు అని విచారించి, లేనివారిచే దరఖాస్తు పెట్టించుట యజమాని చేయదగిన పని. దానికి డబ్బక్కరలేదు, ఒక పూట ఓపిక చాలును. ఐనను ఇవి ఆసుపత్రిలోని చికిత్సకు మాత్రమే. పోయిన కూలిని ఇచ్చునవి కావు. కడ్డీలు వంచువాని ప్రశ్న అట్లే నిలిచియున్నది.

ఆ ప్రశ్నకు సమాధానము చెప్పునది మూడవ మార్గము: ఉద్యోగుల రాజ్య బీమా, జనులు ఈ.ఎస్.ఐ. అని పిలుచునది. దీని చరిత్ర కొంత చెప్పవలెను. ప్రొఫెసరు బి. పి. అదార్కర్ అను నాయన కర్మాగారముల పనివారి ఆరోగ్యబీమాను గూర్చి 1944లో ప్రభుత్వమునకు నివేదిక సమర్పించెను. దానినుండి 1948 నాటి చట్టము పుట్టెను. 1952 ఫిబ్రవరి 24వ తేదీన కాన్పూరు, ఢిల్లీ నగరములందు పథకము అమలులోనికి వచ్చెను. చాలకాలమిది కర్మాగారములకును, దుకాణములకును పరిమితమై యుండెను. ఇల్లు కట్టుచోట పనిచేయు కూలివారికి 2015 ఆగస్టు 1వ తేదీ నుండి దీనిని విస్తరింపజేసిరి. ఆ చట్టములోని విషయములు ఇపుడు 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతిలో చేరినవి. ఆ స్మృతి 2025 నవంబరు 21వ తేదీన అమలులోనికి వచ్చినది.

దీని యేర్పాటు సులభమైనది. పనివాని కూలిలో నూటికి 0.75 వంతు అతడును, 3.25 వంతులు యజమానియు చెల్లింపవలెను. ఈ రేట్లు 2019 జూలైలో నిర్ణయింపబడినవి. అంతకు ముందివి ఎక్కువగా నుండెను. దినమునకు 700 రూపాయల చొప్పున నెలకు ఇరువదియైదు దినములు పనిచేయు వాని కూలి 17,500 రూపాయలు. అందు అతని భాగము 132 రూపాయలు. యజమాని భాగము 569 రూపాయలు. రెండును గలిపిన 701. అనగా, నెలలో ఒక్కనాటి కూలి. ఆ యొక్కనాటి కూలిలో అయిదింట నాలుగు పాళ్ళకు మించి యజమానియే పెట్టును.

దానికి ప్రతిఫలమేమి? పనివానికిని అతని కుటుంబమునకును వైద్యము. వ్యాధిచే పని మానినచో, ఏటికి 91 దినముల వరకు కూలిలో నూటికి 70 వంతులు. పనిలో గాయపడినచో, మరల పనికి వచ్చువరకు నూటికి 90 వంతులు. పనిలో మరణించినచో, అతనిపై నాధారపడినవారికి నెలనెలా భృతి. కాన్పు వచ్చిన స్త్రీకి మొదటి ఇద్దరు బిడ్డల విషయమున 26 వారముల వేతనము. గమేళా మోయు ఆ తల్లి మాటను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఏ ప్రైవేటు కంపెనీ బీమా పత్రమును ఈ ధరకు ఇన్ని యీయదు.

లోపములు లేవా యన్న, కలవు. నెలకు 21,000 రూపాయలకు మించి సంపాదించువారు దీనిలో చేరరు. ఈ పరిమితి 2017 జనవరిలో నిర్ణయింపబడినది. నేడు మంచి తాపీ మేస్త్రి దినమునకు వేయి రూపాయలు తీసికొనును. ఇరువదియైదు దినములకు 25,000. అతడు వెలుపలనే యుండును. రెండవది దూరము. గుణదలలో ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి కలదు, కాని మీ పని జరుగు గ్రామమునకు డిస్పెన్సరీ యెంత దూరమున నున్నదో ముందు తెలిసికొనవలెను. జ్వరపు మాత్రలకై ఒక దినము కూలి పోగొట్టుకొని వెళ్ళవలసి వచ్చిన, ఎవడును వెళ్ళడు.

పదిమందియో అంతకెక్కువయో పనివారు గల సంస్థకు ఈ బీమా విధి. ఇక్కడ నేను మొదట నడిగిన ప్రశ్న యెదురగుచున్నది. "నాకు ఎనమండుగురే పనివారు, తక్కినవారు మేస్త్రి మనుష్యులు" అని చెప్పు కంట్రాక్టరులు పెక్కురు కలరు. చట్టమట్లు చూడదు. మధ్యవర్తి తెచ్చినవారైనను, మన పని చేయువారు మన లెక్కలోనివారే. వారి చందా ముందు మనము చెల్లించి, పిదప మేస్త్రి బిల్లులో సరిచూచుకొనవచ్చును. నిజముగ పదిమందికి తక్కువైన సంస్థయు, యజమానియు పనివారిలో ఎక్కువమందియు సమ్మతించినచో, ఇచ్ఛాపూర్వకముగా చేరుటకు ఈ క్రొత్త స్మృతిలో వీలు కలదు.

నాలుగవది నష్టపరిహారము. దీనిని ఆరోగ్యసౌకర్యమని యెవరు పిలువరు. కాని చిన్న వ్యాపారికి దీనిని మించి తెలిసికొనదగినది లేదు. పనిలో గాయపడిన వానికి యజమాని పరిహార మీయవలెనను సూత్రము 1923 నాటి చట్టముతో మన దేశమునకు వచ్చినది. అదియు ఇపుడు సాంఘిక భద్రతా స్మృతిలో చేరినది. లెక్క యిట్లు: పనివాడు మరణించినచో, అతని నెలకూలిలో సగమును, వయస్సుననుసరించి చట్టములోని పట్టికలో నున్న సంఖ్యతో గుణింపవలెను. కూలి యెంతయున్నను లెక్కకు 15,000 రూపాయలకు మించి తీసికొనరని 2020 జనవరిలో నిర్ణయించిరి. నలువదియేండ్ల వానికి పట్టికలోని సంఖ్య 184.17. కావున 7,500ను 184.17తో గుణించిన 13,81,275 రూపాయలు. ఇరువదియైదేండ్ల వాడైన 16,26,825 రూపాయలు. గాయమునకు చేయించిన వైద్యపు ఖర్చును యజమానియే భరింపవలెను.

ఏటికి నాలుగిండ్లు కట్టు వానివద్ద పదునాలుగు లక్షలు ఒక్కమారుగా నుండునా? ఉండవు. అట్టి దినమున రెండు కుటుంబములు కూలును: పడినవానిది, పని చేయించినవానిది. ఈ.ఎస్.ఐ.లో చేరిన పనివాని విషయమున ఈ భారము మనపై నుండక ఆ సంస్థపైకి పోవును. దానిలో చేరని మేస్త్రులకై, నష్టపరిహారమున కని ప్రత్యేకముగా నిచ్చు బీమా పత్రమును తీసికొనవలెను. అది ఏడాదిలో చెల్లించు మొత్తపు కూలినిబట్టియు, పని స్వభావమునుబట్టియు ధర కట్టునది. పత్రము తీసికొనునపుడు రెండు విషయములు చదివి చూడుడు: మేస్త్రి తెచ్చిన మనుష్యులు అందు చేరిరా, వైద్యపు ఖర్చు అందు చేరినదా. ప్రీమియము తగ్గునని కూలి మొత్తమును తక్కువ చేసి వ్రాయువారు, ఆపద వచ్చిననాడు పరిహారమును కూడ తక్కువ చేసికొన్నవారే యగుదురు.

అయిదవది సామూహిక ఆరోగ్యబీమా. ఏజెంట్లు మన యింటికి వచ్చి చెప్పునది ముఖ్యముగా నిదే. నెలజీతము గలవారికి, ఈ.ఎస్.ఐ. పరిమితిని మించినవారికి ఇది తగినది. ఏజెంటును "ప్రీమియమెంత?" అని యడుగుటకు ముందు ఈ ప్రశ్నల నడుగుడు. చేరుటకు ముందే యున్న వ్యాధులకు మొదటి దినమునుండియే రక్షణ కలదా, లేక కొంతకాలము వేచియుండవలెనా? విడిగా తీసికొను పత్రములలో ఈ వేచియుండు కాలము మూడేండ్లకు మించరాదని 2024లో బీమా నియంత్రణ సంస్థ నిర్ణయించినది. సామూహిక పత్రములలో మాటలాడి తొలగించుకొనవచ్చును. మా కాపలావాని చక్కెరవ్యాధికి ఈ యొక్క వాక్యమే ప్రాణము. కాన్పు చేరినదా? తల్లిదండ్రులను చేర్చుకొందురా? గది అద్దెకు హద్దు పెట్టిరా? ఏడాది నడుమ క్రొత్తవానిని చేర్చి, వెళ్ళినవానిని తీసివేయుటకు వీలు కలదా? మన పనులు జరుగు పట్టణములో, నగదు చెల్లింపకయే చేర్చుకొను ఆసుపత్రులేవి? ఈ ప్రశ్నలకు వ్రాతపూర్వకముగా సమాధానమీయని ఏజెంటునకు చల్లని మజ్జిగ యిచ్చి పంపివేయుడు.

ఆరవది నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి. కట్టడపు వ్యయముపై నూటికి ఒక రూపాయి చొప్పున సుంకము తీసి, ఆ నిధితో పనివారికి సహాయము చేయవలెనని 1996లో చట్టము వచ్చెను. ఆ యేర్పాటును క్రొత్త స్మృతి నిలిపినది. పదునెనిమిది మొదలు అరువదియేండ్ల వయస్సు లోపలివాడై, గడచిన పండ్రెండు నెలలలో 90 దినములు కట్టడపు పని చేసినవాడు తన పేరు నమోదు చేయించుకొనవచ్చును. ఆ తొంబది దినముల పని చేసెనని వ్రాసియిచ్చుట మనకు రెండు నిమిషముల పని. వానికది యేండ్లతరబడి నిలుచు హక్కు.

చివరగా రెండు చిన్న బీమాలు కలవు. 2015లో కేంద్రప్రభుత్వ మారంభించినవి. 2022 జూను నుండి ఏటికి 20 రూపాయలకు ప్రమాదబీమా, 436 రూపాయలకు జీవితబీమా, ఒక్కొక్కటి రెండు లక్షల రూపాయలకు. మొదటిది డెబ్బదియేండ్ల వయస్సు వరకు, రెండవది యేబదియేండ్ల వరకు చేరదగినవి. రెంటికి గలిపి 456 రూపాయలు. ఒక దినపు కూలికి తక్కువ. బ్యాంకు ఖాతా యున్న చాలును. ఇవి పైవానికి బదులు కావు; పైవానికి తోడు.

ఇన్ని మార్గములు చూచిన పిమ్మట నాకు తేటపడిన దొక్కటి. వీనిలో ప్రతిదియు ఒకే గుమ్మము గుండా ప్రవేశింపవలసి యున్నది. ఈ.ఎస్.ఐ. వారు వ్యాధి భృతి నిచ్చుటకు ఆరునెలల చందాకాలములో 78 దినములైన చందా పడియుండవలెనందురు. కాన్పు వేతనమునకు అంతకుముందటి రెండు చందాకాలములలో 70 దినములు చూపుమందురు. సంక్షేమ మండలివారు 90 దినములందురు. పరిహారపు బీమా కంపెనీవారు కూలి పట్టీ తెమ్మందురు. అందరును అడుగునది మనిషి పేరు, అతడు పనిచేసిన దినములు. అనగా మన హాజరుపట్టీ. దానిలో పేరు లేనివానికి ఏ చట్టమును, ఏ ఆసుపత్రియు, ఏ కంపెనీయు లేదు. మన పనిలో "మేస్త్రితోబాటు ఆరుగురు" అని వ్రాయుట వాడుక. ఆ ఆరుగురికి పేర్లుండవు. పేరు లేనివాడు పరంజానుండి పడిన, ఎవరు పడినట్లు?

కావున నేను చేసిన మొదటి పని, బీమా కొనుట కాదు, పట్టీని మార్చుట. మేస్త్రి తెచ్చిన ప్రతి మనిషి పేరు, వయస్సు, ఊరు, కూలి, ఇంటివద్ద నున్నవారిలో ఎవరికి తెలుపవలెనో ఆ పేరు, ఫోను సంఖ్య పని మొదలుపెట్టకముందే వ్రాయించితిని. దాని తరువాత ఎంపిక తనంతట తానే జరిగినది. 21,000 రూపాయల లోపు వారందరు ఈ.ఎస్.ఐ.లో, అంతకు మించినవారికి కుటుంబసహితముగా సామూహిక ఆరోగ్యబీమా, దానితో పరిహారపు బీమా, అర్హులైన వారందరిని మండలిలో నమోదు చేయించుట, చిన్న బీమాల సొమ్ము నా ఖర్చుననే.

దీనికి మా మేస్త్రులు రెండు ఆక్షేపణలు చెప్పిరి. "వీడు వచ్చే నెల ఇంకో చోటికి పోతాడు, వీడికెందుకండీ?" అనిరి. పోవును, కాని ఈ.ఎస్.ఐ.లో ఇచ్చిన సంఖ్య మనిషిది గాని యజమానిది కాదు. అతడెచ్చటికి పోయినను ఆ సంఖ్య వెంట పోవును; అక్కడి యజమాని దానిపైననే చందా కట్టవచ్చును. ఏప్రిలు మొదలు సెప్టెంబరు వరకు మన వద్ద కట్టిన చందాకు ఫలము తరువాతి జనవరి మొదలు జూను వరకు లభించును. మన గోడకు వాడు పెట్టిన ఇటుక మన యింటనే యుండును. మనము కట్టిన చందా వానితో పోవును. ఇది సమానమైన బేరమే. రెండవ ఆక్షేపణ, "కూలిలో కోత పడితే మనుషులు రారు" అని. 17,500కు 132 రూపాయల కోతయని, దానికి వచ్చునది ఇదియని, ఒక ఆదివారము చెట్టుక్రింద కూర్చుండబెట్టి లెక్క చెప్పితిని. కడ్డీలు వంచువాడు వేళ్ళమీద తన లెక్క తాను చూచుకొని, మొదట పేరు వ్రాయించుకొనెను.

ఇక నావంటి వ్యాపారుల ఆక్షేపణ కలదు: "ఈ ఖర్చు కలిపిన, పోటీలో పని మనకు రాదు." దీనికిని అంకెలతోనే సమాధానము చెప్పెదను. రెండువేల చదరపుటడుగుల ఇల్లు, అడుగునకు రెండువేల రూపాయల చొప్పున నలువది లక్షలనుకొందము. అందు కూలి పండ్రెండు లక్షలైనచో, అదంతయు ఈ.ఎస్.ఐ. పరిధిలోనిదే యనుకొన్నను, యజమాని చందా 39,000 రూపాయలు. అడుగునకు ఇరువది రూపాయలకు లోపే. టేకు సింహద్వారమునకు ఇంతకంటె నెక్కువ వెచ్చించు గృహస్థులు కలరు. నేను దీనిని అంచనా కాగితములో దాచక, "పనివారి ఆరోగ్యరక్షణ" అని ప్రత్యేకముగ ఒక పంక్తి వ్రాయుచున్నాను. కొందరు గృహస్థులు ఆ పంక్తిని చూపి ప్రశ్నింతురు. "మీ యింటి పనిలో ఎవరైన పడిన, ఆ కుటుంబము మీ గుమ్మము ముందుకు వచ్చి నిలువకుండుటకు" అని చెప్పుదును. ఆ పంక్తిని కొట్టివేయుడని యడిగినవారును లేకపోలేదు. అట్టి పని నేను విడిచిపెట్టితిని. వారికి వేరొకరు కట్టియిచ్చిరి. ఈ నష్టమును నేను లెక్కలో చేర్చుకొనియే మాటలాడుచున్నాను.

ఒక హెచ్చరికతో ముగించెదను. బీమా పడినవానిని లేపును గాని, పడకుండ పట్టుకొనదు. తలకు గట్టిటోపి, ఎత్తున పనిచేయువాని నడుమునకు పట్టీ, రాయి కోయుచోట నీరు, ధూళికి ముక్కుకప్పు, మిట్టమధ్యాహ్నము రెండు గంటల నీడ, కుండలో చల్లనినీరు, చేరువను మందులపెట్టె, ఇవి లేనిచోట బీమా పత్రములు గోడకు వ్రేలాడదీసిన పటములే. ఇవి యుండియు పట్టీలో పేర్లు లేనిచో, ఇవియు చాలవు.

శ్రోతలలో ఇండ్లు కట్టించుకొనుచున్న గృహస్థులు కూడ నుందురు. మీకొక విన్నపము. రేపుదయము మీ స్థలమునకు వెళ్ళినపుడు, సిమెంటు బస్తాలు లెక్కించుటకు ముందు, కంట్రాక్టరును హాజరుపట్టీ చూపుమనుడు. అందు పేర్లున్నవా, "మేస్త్రితోబాటు ఆరుగురు" అని యున్నదా చూడుడు. పేర్లు లేకున్న, వ్రాయించిన తరువాతనే మనుష్యులను పరంజా యెక్కనిండు.